మాట తడబడినవాడు: బ్రిటిష్ టెలివిజన్ నాటికలపై ఒక పరిశీలన

గత విద్యా సంవత్సరంలో మన కళాశాల వార్షికోత్సవానికి మూడు వారాల ముందు నలుగురు విద్యార్థులు ఒక కాగితాల కట్టతో అధ్యాపకుల గదికి వచ్చారు. "మైండ్ యువర్ లాంగ్వేజ్" అనే ఇంగ్లీషు టెలివిజన్ హాస్యనాటికను మన వేదికకు తగినట్లు మార్చి వ్రాసుకున్నామనీ, ప్రదర్శనకు అనుమతి కావాలనీ వారి కోరిక. చదివాను, నవ్వాను కూడా. అయినా వెంటనే సరేననలేక రెండు రోజులు గడువు అడిగాను. "ఇందులో తప్పేమున్నది సార్?" అని వారిలో ఒకరు ప్రశ్నించారు. ఆనాడు నిలుచున్నచోట చెప్పలేకపోయిన సమాధానాన్ని ఈ సంచిక ద్వారా కొంత వివరంగా చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

వికృతమైన ఆకారం, మాట, వేషం, చేష్ట – వీటి నుండి హాస్యం పుడుతుందని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు నిర్వచించాడు. మన ఉర్దూ శాఖ మిత్రులు ఈ విషయాన్ని మరొక తీరున విభజిస్తారు. కేవలం ఉల్లాసం కలిగించేది మిజాహ్, చురక అంటించేది తంజ్. ఈ రెండు సంప్రదాయాలూ చెప్పక వదిలిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఫలానావాని మాట వికృతమని నిర్ణయించే అధికారం ఎవరిది? బ్రిటిష్ టెలివిజన్‌లో మిక్కిలి ప్రజాదరణ పొందిన హాస్యనాటికలను వరుసగా చూస్తూ పోతే, వాటిలో అధికభాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్లు నాకు తోచింది.

ఇందుకు కారణం ఆ దేశపు జీవితంలోనే కనబడుతుంది. ఇంగ్లండులో ఒక మనిషి నోరు విప్పగానే అతని ఊరు, కులాసా, చదువు, తండ్రి వృత్తి ఎదుటివారికి తెలిసిపోతాయని చెప్పుకుంటారు. పువ్వులమ్ముకునే పిల్లకు ఉచ్చారణ నేర్పి దొరసానిగా చలామణీ చేయించే బెర్నార్డ్ షా నాటకం "పిగ్మేలియన్" ఇతివృత్తం అదే గదా. 1922లో ప్రారంభమైన బి.బి.సి. సంస్థ 1926లో ఇంగ్లీషు మాటల ఉచ్చారణను నిర్ణయించడానికి ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్ ఆధ్వర్యంలో ఒక సలహాసంఘాన్నే నియమించింది. షా కూడా అందులో సభ్యుడు. అనగా ప్రసారాల తొలినాళ్ళ నుండే ఒక రకపు ఇంగ్లీషు పీట మీద, మిగిలినవన్నీ నేల మీద కూర్చున్నాయి. 1936 నవంబరు 2న బి.బి.సి. క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు ఆరంభించింది. ప్రకటనల ఆదాయంపై నడిచే ఐ.టి.వి. 1955లో వచ్చింది. అక్కడి హాస్యనాటికల పద్ధతి మన ధారావాహికలకు పూర్తిగా భిన్నం. అరగంట నిడివి, విడతకు ఆరేడు భాగాలు, అన్నింటినీ వ్రాసేది ఒకరో ఇద్దరో రచయితలు. స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల నవ్వు కూడా నాటికలో భాగంగా వినబడుతుంది. ఆ నవ్వు ఎక్కడ పుడుతున్నదో గమనిస్తే చాలు, విషయం బోధపడుతుంది.

ఇక "మైండ్ యువర్ లాంగ్వేజ్" సంగతి. విన్స్ పావెల్ రచించగా 1977 నుండి 1979 వరకు ఐ.టి.వి.లో మూడు విడతలుగా ప్రసారమైంది. లండనులో ఒక రాత్రిబడి. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయులు. వారికి పాఠం చెప్పే జెరెమీ బ్రౌన్ అనే సౌమ్యుడైన ఉపాధ్యాయుడు. ఇటలీ, గ్రీసు, ఫ్రాన్సు, జర్మనీ, స్పెయిన్, చైనా, జపాన్ దేశాల వారితో పాటు మనవారు ముగ్గురున్నారు. మాటకు ముందు వేయి క్షమాపణలు చెప్పుకునే సిక్కు రంజీత్ సింగ్, పాకిస్తాన్ వాసి అలీ నదీమ్, అల్లిక సూదులు వదలని గృహిణి జమీలా. తరగతిలో జరిగేదంతా మాటల తారుమారే. "ఎక్స్‌క్యూజ్ మి" అనవలసిన చోట అలీ "స్క్వీజ్ మి" అంటాడు. రంజీత్, అలీ ఒకరి మతాన్ని ఒకరు ఎత్తిపొడుచుకుంటారు. బ్రౌన్ మాస్టారు మధ్యలో నలిగిపోతాడు. రంజీత్ పాత్ర వేసిన ఆల్బర్ట్ మోజెస్ శ్రీలంకలో జన్మించినవాడు, అలీ పాత్రధారి డినో షఫీక్ ఢాకాలో జన్మించినవాడు. ఒకరిని మరొకరుగా చూపినా అక్కడి ప్రేక్షకులకు తేడా తెలియదనే ధీమా ఈ పాత్రల పంపకంలో కనబడుతుంది. ఇంత ఆదరణ ఉన్నప్పటికీ లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థలో వినోద విభాగపు అధికారిగా ఉన్న మైకేల్ గ్రేడ్ దీనిని నిలిపివేశాడు. జాతుల మూసపాత్రలు అభ్యంతరకరంగా ఉన్నాయన్నది ఆయన చెప్పిన కారణం. అయితే ఎవరి మాటలను చూసి నవ్వించారో ఆ దేశాలలోనే ఈ నాటికకు నేటికీ అభిమానులు మెండుగా ఉండడం విచిత్రం.

ఆ విచిత్రంలో నేనూ భాగస్వామినే. మా ఇంటి భాష ఉర్దూ. ఎం.ఏ. తెలుగు మొదటి సంవత్సరంలో ఒకనాడు తరగతిలో నన్ను పద్యం చదవమన్నారు. ఒకచోట "ళ"కారం జారి "ల"కారమైంది. వెనుక బల్ల నుండి ఎవరో, సినిమాలలో సాయిబు పాత్ర మాట్లాడే ఫక్కీలో, "నీకీ నాకీ" అంటూ నన్ను అనుకరించారు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను, నవ్వకపోతే మరింత నవ్వుతారని తెలుసు. ఆ సాయంత్రమే వసతిగృహంలో ఒక మిత్రుని కంప్యూటరు ముందు పదిమందిమి చేరి ఈ నాటిక చూశాము. అలీ నోరు తెరచినప్పుడల్లా అందరికన్నా బిగ్గరగా నవ్వినవాడిని నేనే. ఉదయం నాకు జరిగినది, సాయంత్రం నేను చేసినది ఒకటేనన్న సంగతి ఆ రాత్రి నిద్రపట్టని వేళ గాని తట్టలేదు. విద్యార్థులు తెచ్చిన కాగితాలు చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ వెనుక బల్లయే.

అట్లని ఇతరుల మాటపై, జాతిపై వచ్చిన హాస్యమంతా ఒకే కోవకు చెందినదని అనలేము. జానీ స్పైట్ రచించిన "టిల్ డెత్ అస్ డూ పార్ట్" 1966 నుండి 1975 వరకు బి.బి.సి.లో వచ్చింది. లండను తూర్పుపేటలో నివసించే ఆల్ఫ్ గార్నెట్ అనే నోటిదురుసు మనిషి నల్లవారినీ, వలసవారినీ, యూదులనూ, చివరకు తన అల్లుడినీ నిత్యం తిడుతుంటాడు. తిట్టే ప్రతిసారీ తన మూర్ఖత్వాన్ని తానే బయట పెట్టుకుంటాడు. స్పైట్ ఉద్దేశం గార్నెట్‌ను నవ్వులపాలు చేయడమే. ఆ పాత్రధారి వారెన్ మిచెల్ స్వయంగా యూదుడు, వామపక్ష భావాలు కలవాడు. కానీ దారిలో కొందరు ఎదురై ఆ వలసవారికి బాగా గడ్డిపెట్టారని మెచ్చుకునేవారనీ, మేము గడ్డిపెట్టింది మీవంటివారికేనని తాను బదులిచ్చేవాడిననీ మిచెల్ చెప్పేవాడు. వ్రాసినవాడు తంజ్ వ్రాశాడు. చూసినవాడు మిజాహ్ చూశాడు. కలం నుండి వెలువడిన చురక ఎవరికి తగలాలో వారికే తగులుతుందని ఏ రచయితా పూచీపడలేడు. 1969లో ఇదే స్పైట్ "కర్రీ అండ్ చిప్స్" అనే మరొక నాటిక వ్రాయగా, అందులో ప్రముఖ హాస్యనటుడు స్పైక్ మిలిగన్ ముఖానికి గోధుమరంగు పూసుకుని పాకిస్తానీ సంతతివాడుగా నటించాడు. అది ఒక్క విడతతోనే ఆగిపోయింది.

ముఖానికి రంగు పూసుకునే ఈ ఆచారంలో "ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్" వేరొక ఉదాహరణ. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలోనూ బర్మాలోనూ ఉన్న బ్రిటిష్ సైనిక వినోదబృందం కథ ఇది. 1974లో మొదలైంది. రంగీరాం అనే భారతీయ సేవకుడి పాత్రను మైకేల్ బేట్స్ అనే ఇంగ్లీషు నటుడు ధరించాడు. అతడు పుట్టినది ఝాన్సీలో, ఉర్దూ చక్కగా మాట్లాడేవాడు. పాత్రకు కావలసిన భాష అతనికి నిజంగానే ఉన్నది, రంగు మాత్రం డబ్బాలోనుండి వచ్చింది. ఇది సమర్థనకు చాలునా అంటే చాలదనే నా అభిప్రాయం. ఆ రోజులలో లండనులో మన నటులు లేకపోలేదు.

"ఫాల్టీ టవర్స్" విషయంలో నేను కొంత పక్షపాతిని. జాన్ క్లీజ్, కానీ బూత్ కలిసి వ్రాసినవి మొత్తం పన్నెండు భాగాలే. 1975లో ఆరు, 1979లో ఆరు. టార్కీ అనే సముద్రతీర పట్టణంలో ఒక హోటలు యజమాని బేసిల్. గొప్పవారంటే మోకరిల్లుతాడు, తక్కువవారంటే మీదపడతాడు. అతని చేతి దెబ్బలన్నీ తినే సర్వరు మాన్యుయెల్, స్పెయిన్‌లోని బార్సిలోనా నుండి వచ్చినవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. పైపైన చూస్తే ఇదీ అలీ నదీం కథ వంటిదే. కాని తేడా గమనించండి. తాను నేర్చినది శిష్టమైన స్పానిష్ అనీ, మాన్యుయెల్ మాట్లాడేది ఏదో యాస అనీ బేసిల్ అతిథుల ముందు బడాయి చెబుతాడు. స్పెయిన్‌వానికి స్పానిష్ రాదని చెప్పే ఇంగ్లీషువాడిని చూసి ప్రేక్షకులు నవ్వుతారు. మాన్యుయెల్ పొరపాటు భాషలోనిది, బేసిల్ పొరపాటు బుద్ధిలోనిది. మాన్యుయెల్‌గా నటించిన ఆండ్రూ సాక్స్ బెర్లినులో పుట్టి, నాజీల కాలంలో బాల్యంలోనే కుటుంబంతో ఇంగ్లండు చేరినవాడు. పరాయిభాష మధ్య పడి ఈదడం అతనికి తెలియని అనుభవం కాదు.

ఇంత చెప్పినా ఒక చిన్న వాస్తవం నా వాదానికి అడ్డు తగులుతుంది. ఈ నాటికను స్పెయిన్‌లో అక్కడి భాషలోకి అనువదించి ప్రసారం చేసినప్పుడు మాన్యుయెల్‌ను ఇటలీ దేశస్థుడుగా మార్చారు. ఎంత చక్కని హాస్యమైనా దెబ్బలు తినేవాడు మనవాడు కాకుంటే మంచిదని అందరికీ ఉంటుంది కాబోలు. ఇందులోనే హోటలులో నివసించే వృద్ధ మేజరు ఒకచోట వెస్టిండీసు, భారత క్రికెట్ ఆటగాళ్ళను గురించి హీనమైన మాటలు వాడతాడు. 2020 జూన్‌లో ఆ భాగాన్ని ఒక ప్రసార సంస్థ కొద్దిరోజులు తొలగించి, ముందుమాటగా హెచ్చరిక చేర్చి తిరిగి ఉంచింది. మేజరు మతి చలించిన ముసలివాడనీ, నవ్వు అతని మీదనేననీ క్లీజ్ వాదించాడు. ఈ వాదన ఆల్ఫ్ గార్నెట్ నాటిదే.

తక్కువ ఇంగ్లీషు వచ్చినవారిని వదలి ఎక్కువ వచ్చినవారి వైపు తిరిగినప్పుడు బ్రిటిష్ హాస్యం పూర్తిగా పండిందని నా నమ్మకం. రాయ్ క్లార్క్ రచించిన "కీపింగ్ అప్ అపియరెన్సెస్" 1990 నుండి 1995 వరకు వచ్చింది. కథానాయిక హయసింత్ ఇంటిపేరు "బకెట్". ఆమె మాత్రం దానిని ఫ్రెంచివారి పూలగుత్తివలె "బూకే" అని పలకాలని పట్టుబడుతుంది. ఫోను మ్రోగితే చాలు, ఆ పేరుతోనే ఠీవిగా పలుకుతుంది. పుట్టింటివారి యాస, పాత కారు, బనియనుతో తిరిగే మరిది అవతలివారి కంట పడకుండా దాచడమే ఆమె జీవితం.

ఆంటనీ జే, జోనథన్ లిన్ కలిసి రచించిన "యెస్ మినిస్టర్" 1980లో మొదలై 1984 వరకు, దాని కొనసాగింపు "యెస్ ప్రైమ్ మినిస్టర్" 1986 నుండి 1988 వరకు నడిచాయి. మంత్రి జిమ్ హాకర్ ఎన్నికలలో గెలిచి వచ్చినవాడు. శాఖను నిజంగా నడిపేది శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ యాపిల్బీ. కాదు అనే మాట హంఫ్రీ ఏనాడూ అనడు. ఆ అవసరం రాకుండా ఊపిరి సలపని ఒక సుదీర్ఘవాక్యం చెబుతాడు. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో. మధ్యలో మంత్రి తప్పిపోతాడు. ఒక ఆసుపత్రిలో వందలమంది పరిపాలనా సిబ్బంది ఉన్నారు, రోగి ఒక్కడూ లేడు. అయినా అది చక్కగా నడుస్తున్న ఆసుపత్రియేనని ఆ వాక్యాలు నిరూపిస్తాయి. మన గిరీశం పట్టు పట్టుగా దంచే ఇంగ్లీషు ముక్కలతో శిష్యుడిని బుట్టలో వేసుకున్నట్లే ఇతడు ప్రభుత్వాన్ని వేసుకుంటాడు. ఇక్కడ తడబడుట లేదు, తప్పు లేదు, వ్యాకరణం నిష్కళంకం. నవ్వులపాలయ్యేది ఆ నిష్కళంకత్వమే. నాటి ప్రధాని మార్గరెట్ థాచర్ దీనికి బహిరంగ అభిమాని. 2001లో మన దేశంలో "జీ మంత్రీజీ" పేరుతో హిందీలోకి వచ్చినప్పుడు మంత్రిగా ఫారూఖ్ షేక్ నటించాడు. దరఖాస్తుకు జవాబుగా వచ్చిన ప్రభుత్వ లేఖను మూడుసార్లు చదివినా మంజూరైనదో లేదో తెలియక తల పట్టుకున్న ప్రతివారూ చూడదగినది.

గంభీర నాటకాలలో నేను ఒక్కదాని వద్దనే ఆగుతాను. పాల్ స్కాట్ నాలుగు నవలల ఆధారంగా గ్రెనడా సంస్థ నిర్మించిన "ది జ్యుయెల్ ఇన్ ది క్రౌన్" 1984లో 14 భాగాలుగా ప్రసారమైంది. బ్రిటిష్ పాలన చివరి సంవత్సరాల కథ. ఇందులోని హరికుమార్ పసితనంలోనే ఇంగ్లండు చేరి, అక్కడి పెద్ద బడిలో దొరబిడ్డవలె పెరిగినవాడు. అక్కడ అతని పేరు "హ్యారీ కూమర్". తండ్రి మరణంతో చేతిలో కాసు లేక మయపూర్ అనే ఊరికి, ఎరుగని బంధువుల ఇంటికి వస్తాడు. హిందీ రాదు. వచ్చినదల్లా ఇంగ్లీషు, అదీ పాలకుల్లోనూ పైవరుసవారి ఇంగ్లీషు. ఊరిలోని తెల్లవారికి అతడు నల్లవాడు, నల్లవారికి అతడు దొర. అతనిపై కక్షకట్టిన పోలీసు అధికారి మెరిక్ సామాన్య కుటుంబం నుండి వచ్చినవాడు. తన గొంతులో లేని ఉచ్చారణ ఒక భారతీయుని గొంతులో పలకడం మెరిక్ సహించలేడు. 1942 అల్లర్లనాడు ఒక ఇంగ్లీషు యువతిపై జరిగిన అత్యాచారం నేరాన్ని కుమార్‌పై మోపి, నిర్బంధంలో హింసిస్తాడు. కుమార్‌గా ఆర్ట్ మాలిక్, మెరిక్‌గా టిమ్ పిగట్-స్మిత్ నటించారు. మాలిక్ బహావల్‌పూర్‌లో జన్మించినవాడు. ఇంగ్లీషు చక్కగా రానందుకు అలీ నదీమ్ నవ్వులపాలైతే, అతిచక్కగా వచ్చినందుకు హరికుమార్ చెరసాలపాలయ్యాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు అలీ నాలుకలో లేదని తెలుస్తున్నది. ఇంగ్లీషు బాగా నేర్చుకుంటే అన్నీ చక్కబడతాయని విద్యార్థులకు నిత్యం చెప్పే మాబోటి అధ్యాపకులకు ఈ నాటకం కొంత ఇబ్బందికరమైనది.

కలం చేతులు మారినది "గుడ్‌నెస్ గ్రేషస్ మీ"తో. మొదట 1996లో రేడియోలో, 1998 నుండి 2001 వరకు బి.బి.సి. టెలివిజన్‌లో వచ్చింది. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా ప్రధాన నటులు; అందరూ మన ఉపఖండపు మూలాలు గలవారే. ఇంగ్లండులో కుర్రకారు రాత్రి తాగి భారతీయ హోటలుకు పోయి వీరంగం వేయడం పరిపాటి. ఈ నాటికలో దానిని తిరగవేశారు. కొందరు భారతీయులు బొంబాయిలో తాగి "ఇంగ్లీషు తిందాం పదండి" అని ఒక ఇంగ్లీషు హోటలుకు పోతారు. తెల్లసర్వరు పేరును వంకరగా పలుకుతారు. అన్నింటికన్నా చప్పనిది ఏదని అడిగి, దానినే తెమ్మని గొప్పలు పోతారు. మరొక నాటికలో కపూర్ దంపతులు తమ ఇంటిపేరును "కూపర్" అని పలకాలంటారు. హయసింత్ బకెట్‌కు వీరు స్వయానా చుట్టాలు. తమను తాము కూడా వదలకపోవడం ఈ బృందంలోని నిజాయితీ.

మనవారు వ్రాసినదల్లా మంచిదని నేను అనను. బర్మింగ్‌హాం ముస్లిం కుటుంబం ఇతివృత్తంగా ఆదిల్ రే నటించి, రచనలోనూ పాల్గొన్న "సిటిజన్ ఖాన్" 2012 నుండి 2016 వరకు నడిచింది. మొదటి భాగానికే మతాన్ని కించపరిచిందని ఫిర్యాదులు వచ్చాయి. నాకు తోచిన లోపం వేరు. అందులోని ఖాన్ సాహెబు యాభై ఏళ్ళ క్రిందటి హాస్యనాటికల తండ్రికి గడ్డం తగిలించినట్లు ఉంటాడు. 2021లో ఛానెల్ 4లో వచ్చిన నిదా మంజూర్ రచన "వి ఆర్ లేడీ పార్ట్స్" ఇందుకు భిన్నం. లండనులో కొందరు ముస్లిం యువతులు రాక్ వాద్యబృందం పెట్టుకుంటారు. అమీనా అనే పరిశోధక విద్యార్థినికి సభాకంపం, పైగా పెళ్ళికొడుకు కోసం వెతుకులాట. ఇంటి పెద్దలు, దుస్తులు, నమాజు అన్నీ కథలో ఉన్నాయి. ఏ ఒక్కటీ ఎగతాళికి పెట్టిన వస్తువు కాదు. నవ్వు ఆ పిల్లల స్వభావాల నుండి వస్తున్నది. ఆ సంగీతం మన సంఘ పెద్దలందరికీ రుచిస్తుందని చెప్పలేను గాని, ఎవరి మాటా తడబడకుండానే కడుపుబ్బ నవ్వించిన నాటిక అది.

మళ్ళీ మా విద్యార్థుల వద్దకు వస్తాను. "మైండ్ యువర్ లాంగ్వేజ్" 1993లోనే దూరదర్శన్‌లో "జబాన్ సంభాల్‌కే"గా హిందీలోకి వచ్చింది. పంకజ్ కపూర్ హిందీ మాస్టారు. అక్కడ నవ్వులపాలైనవారిలో విదేశీయులతో పాటు మన దేశపు ఇతర భాషలవారూ ఉన్నారు. పీట మారింది, పద్ధతి మారలేదు. మా విద్యార్థుల కాగితాలలో కూడా అదే జరిగింది. తరగతి తెలుగు తరగతి అయింది, అలీ స్థానంలో పాతబస్తీ కుర్రవాడు, జమీలా స్థానంలో వాని తల్లి. ఆ కుర్రవాడి పాత్ర వేయవలసినవాడు కూడా ఆ రోజు నా బల్ల ముందు నిలబడి ఉన్నాడు. మాటలన్నీ తానే వ్రాశానని సంతోషంగా చెప్పాడు.

రెండు రోజుల తరువాత పైన వ్రాసినదానిలో పావువంతు వారికి చెప్పాను. కాదనలేదు, కొట్టివేయలేదు, బేసిల్ నాటికలూ, సర్ హంఫ్రీ నాటికలూ చూసి రమ్మన్నాను. నాలుగు రోజులకు కొత్త కాగితాలతో వచ్చారు. తరగతి అదే, గురువు మాత్రం ఆ పాతబస్తీ కుర్రవాడు. తెలుగు నేర్చుకోవడానికి వచ్చినది సర్ హంఫ్రీ వంటి ఒక ఇంగ్లీషు దొర. వ్యాకరణమంతా కంఠస్థం, అంగడికి పోయి అరకిలో వంకాయలు అడగలేడు. "ళ"కారం ఎంతకూ పలకదు. ఆ దొర వేషానికి విద్యార్థులెవరూ కుదరక నన్ను అడిగారు. ఒప్పుకున్నాను. సాధన చేసిన వారం రోజులూ ఆ కుర్రవాడు చేతిలో బెత్తంతో నా ముందు నిలబడి, "ల" కాదు సార్, "ళ", మళ్ళీ అనండి, అంటూనే ఉన్నాడు.